ఇంటి పెరట్లో వాడుకోవడానికి గ్యాస్ బార్బెక్యూ మేలా, బొగ్గు బార్బెక్యూ మేలా?

ప్రశ్న

మా ఇంటి వెనుక కొద్దిపాటి ఖాళీ స్థలం ఉంది. అక్కడ పెట్టుకోవడానికి ఒక బార్బెక్యూ కొనాలన్న విషయంలో ఇంట్లో అందరిదీ ఒకే మాట; అది గ్యాస్‌తో నడిచేదా, బొగ్గుతో నడిచేదా అన్న దగ్గర మాత్రం ఎంతకీ తేలడం లేదు. మేము నలుగురం ఉంటాం. పని రోజుల్లో సాయంత్రం ఇంటికి వచ్చాక చికెన్ ముక్కలో, చేపో, కూరగాయలో కాల్చుకుని తినాలని, సెలవు రోజుల్లో చుట్టాలు వచ్చినప్పుడు పెద్ద మాంసపు ముక్కను గంటల తరబడి నెమ్మదిగా వండాలని మా ఆలోచన.

బొగ్గు మీద కాల్చిన దానికి వచ్చే రుచి గ్యాస్ మీద రానే రాదని కొందరు ఖరాఖండిగా చెబుతున్నారు. కళ్ళకు గంతలు కట్టి తినిపిస్తే ఎవరూ తేడా పట్టలేరని మరికొందరు అంటున్నారు. వీటిలో ఏది నిజం? బొగ్గు రాజుకుని వంటకు సిద్ధం కావడానికి ఎంతసేపు పడుతుంది? వాన పడితే బొగ్గు బార్బెక్యూను పైకప్పు ఉన్న వరండాలోకి జరుపుకుని వాడుకోవచ్చా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి సిలిండర్ అంటే మా అమ్మకు భయం. ఆ భయం ఎంతవరకు సబబో కూడా తెలుసుకోవాలని ఉంది. రెండూ వాడినవారు వివరంగా చెబితే మాకు ఒక నిర్ణయానికి రావడం సులువవుతుంది.

మొదటి సమాధానం

మీ ప్రశ్నల్లో వరండా సంగతికి ముందుగా జవాబు చెబుతాను. మిగిలినవి ఇష్టాయిష్టాలకు సంబంధించినవి, ఇది ప్రాణానికి సంబంధించినది. దయచేసి బొగ్గు బార్బెక్యూను వరండాలోకి తీసుకురాకండి.

బొగ్గు కాలుతున్నంతసేపూ కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతూనే ఉంటుంది. ఆ వాయువుకు రంగు ఉండదు, వాసన ఉండదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది కాబట్టి, చుట్టూ గాలిలో ఆక్సిజన్ ఉన్నా శరీరానికి అందకుండా పోతుంది. తలనొప్పి, వికారం, మగత కమ్ముకునేసరికి మనిషి లేచి బయటకు నడవలేని స్థితికి చేరవచ్చు. పొగ కనిపించడం లేదు కదా అన్న ధీమా పనికిరాదు, ఎందుకంటే పొగంతా పోయి నివురు కప్పిన నిప్పుల నుంచి, ఆరిపోయాయని మనం అనుకునే నిప్పుల నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. మూడు వైపుల గోడలున్న వరండా గానీ, షెడ్డు గానీ, గ్యారేజీ గానీ, గుడారం గానీ ఆరుబయలు కిందకు రావు. కిటికీ తెరిచినా, ఫ్యాను వేసినా చాలదు. వంట అయిపోయాక చలి కాచుకుందామని మిగిలిన నిప్పులను ఇంట్లోకి తెచ్చి ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి.

గ్యాస్ బార్బెక్యూ కూడా ఆరుబయట వాడవలసిన వస్తువే. వాన పడుతున్నప్పుడు వంట మానుకోవడం తప్ప రెండింటిలో దేనికీ వేరే మార్గం లేదు. ఇంటి గోడకు, చెక్క కంచెకు, వేలాడే కొమ్మలకు దూరంగా పెట్టుకోవాలి. ఎంత దూరమన్నది ఆ పరికరంతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

రెండవ సమాధానం

నేను చాలా ఏళ్ళుగా రెండూ వాడుతున్నాను కాబట్టి రుచి గురించి చెబుతాను. మీరు విన్న రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏ వంటకు ఏ మాట వర్తిస్తుందో తెలియాలంటే ఆ రుచి ఎక్కడి నుంచి పుడుతుందో చూడాలి.

గాలి సరిగా అందకుండా కట్టెను బాగా వేడి చేస్తే అందులోని నీరు, ఆవిరయ్యే పదార్థాలు చాలావరకు పోయి, ప్రధానంగా కార్బన్ మిగులుతుంది. అదే బొగ్గు. పొగ వాసనకు మూలమైన గ్వాయకాల్, సిరింగాల్ వంటి పదార్థాలు కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం విరిగినప్పుడు పుడతాయి. బొగ్గు తయారయ్యేటప్పుడే ఆ లిగ్నిన్ చాలావరకు ఖర్చయిపోతుంది. అందువల్ల బాగా రాజుకున్న బొగ్గు తనంతట తానుగా ఇచ్చే వాసన కొద్దిపాటిదే. మనం బొగ్గు రుచి అని మెచ్చుకునేదానిలో పెద్ద వాటా మాంసం నుంచి కారే కొవ్వుది, రసాలది. అవి బొట్లుబొట్లుగా నిప్పుల మీద పడి, చుయ్యిమని ఆవిరై, పైకి లేచి మళ్ళీ ఆ ముక్కకే పట్టుకుంటాయి. గ్యాస్ గ్రిల్‌లో కూడా బర్నర్ల మీద ఇంటికప్పులా వాలుగా అమర్చిన లోహపు రేకులు ఉంటాయి. కొవ్వు వాటి మీద పడినప్పుడూ ఇదే జరుగుతుంది, కాకపోతే రేకులు నిప్పులంత వేడిగా ఉండవు కాబట్టి కొంత కొవ్వు కాలకుండా కింది పళ్ళెంలోకి జారిపోతుంది.

దీన్నిబట్టి, నాలుగైదు నిమిషాల్లో అయిపోయే చేప ముక్కకు, ఉల్లి చక్రాలకు, కొవ్వు లేని చికెన్ ముక్కలకు గ్యాస్ మీదా బొగ్గు మీదా తేడా స్వల్పం. గంతలు కట్టి తినిపిస్తే పట్టలేరన్న మాట ఇక్కడ నిజం. తోలుతో, కొవ్వుతో ఉన్న మందపాటి ముక్కను మూత పెట్టి చాలాసేపు కాలిస్తే, అందులోనూ నిప్పుల మీద ఒకటి రెండు ఎండు కట్టె ముక్కలు వేస్తే, తేడా ఎవరికైనా తెలుస్తుంది.

రెండో తేడా వేడి రూపంలో ఉంది, నా దృష్టిలో వాసన కన్నా ఇదే ముఖ్యం. కణకణలాడే బొగ్గు ఉష్ణోగ్రత 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వస్తువు నుంచి వెలువడే సెగ దాని పరమ ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే ఉష్ణోగ్రత కొంచెం పెరిగినా సెగ చాలా పెరుగుతుంది. ఆ సెగ ముక్క ఉపరితలాన్ని వెంటనే ఆరబెట్టి, గోధుమ రంగు పొర కట్టిస్తుంది. ఉపరితలం 140 డిగ్రీలకు చేరాక ఈ రంగు, దాని వెంట వచ్చే కమ్మదనం వేగం పుంజుకుంటాయి. తడి ఉన్నంతసేపు ఉపరితలం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గ్యాస్ నీలి మంట నేరుగా ఇచ్చే సెగ తక్కువ. వేడి గాలి, వేడెక్కిన రేకులు, కడ్డీలు కలిసి ఆ పని చేయాలి. పైగా వంట గ్యాస్‌లో ఉండే ప్రొపేన్ అనే వాయువు ఒక కిలో కాలితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది, అది కూడా ఆరడాన్ని కాస్త మందగింపజేస్తుంది. అందుకని గ్యాస్ మీద వండేవారు ముక్కలను పొడి గుడ్డతో బాగా అద్ది, కడ్డీలను మూత పెట్టి పది పదిహేను నిమిషాలు వేడెక్కించి, ఆ తరువాతే పరచాలి. ఇంత ఓపిక పడితే మంచి గ్యాస్ గ్రిల్ మీద కూడా చక్కటి రంగు వస్తుంది.

ఇక సమయం సంగతి. బొగ్గు రాజేయడానికి చిమ్నీ స్టార్టర్ అని ఒక రేకు గొట్టం దొరుకుతుంది. కింద నలిపిన కాగితం, పైన బొగ్గు పెట్టి కాగితానికి నిప్పు ముట్టిస్తే, మంట గొట్టంలోంచి పైకి పాకుతుంది. పదిహేను ఇరవై నిమిషాలకు పై వరుస బొగ్గుల అంచులు బూడిద రంగుకు తిరుగుతాయి, మధ్య సందుల్లోంచి ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. అప్పుడు కుమ్మరించి, కడ్డీల జాలీ పెట్టి, అది వేడెక్కడానికి మరో ఐదు పది నిమిషాలు ఆగాలి. మొత్తం అరగంటకు కాస్త అటూఇటూ. ద్రవ ఇంధనం పోసి రాజేస్తే దాని వాసన తిండికి అంటుతుంది. రాజుకున్న బొగ్గు మీద దాన్ని పోయడమైతే మంట వెనక్కి చేతిలోని సీసా దాకా పాకే ప్రమాదకరమైన పని. గొట్టం ఉన్నప్పుడు ఆ ద్రవం అవసరమే లేదు.

బొగ్గులో రెండు రకాలు దొరుకుతాయి. కట్టె ఆకారం పోకుండా ఉన్న ముక్కల బొగ్గు తొందరగా రాజుకుంటుంది, ఎక్కువ వేడి ఇస్తుంది, తక్కువ బూడిద మిగులుస్తుంది, కానీ ముక్కలు చిన్నాపెద్దా కావడంతో వేడి నిలకడగా ఉండదు. బొగ్గు పొడిని గంజి పదార్థంతో కలిపి అచ్చు పోసిన బ్రికెట్లు నిదానంగా, చాలాసేపు, ఒకే తీరుగా కాలుతాయి, బూడిద మాత్రం ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవారికి బ్రికెట్లే నయమని నా అభిప్రాయం.

మొత్తంమీద మీరు రాసిన రెండు కోరికలూ రెండు వేర్వేరు పరికరాలకు చెందినవి. పని రోజు సాయంత్రాల వంటకు గ్యాస్, సెలవు రోజు నిదానపు వంటకు బొగ్గు. ఒక్కటే కొనాలంటే, ఏడాది మొత్తం మీద ఏ సందర్భాలు ఎక్కువ వస్తాయో ఇంట్లో కూర్చుని నిజాయితీగా లెక్క వేసుకోండి. అలసిపోయి ఇంటికి వచ్చిన సాయంత్రం నిప్పు రాజేయడానికి అరగంట, తరువాత బూడిద ఎత్తడానికి మరికొంతసేపు కేటాయించే ఓపిక చాలామందికి ఉండదు, అందువల్ల ఎంతో ఇష్టపడి కొన్న బొగ్గు గ్రిల్ మూలన పడి ఉంటుంది.

మూడవ సమాధానం

సిలిండర్ గురించి మీ అమ్మగారి భయం అర్థం లేనిది కాదు. అయితే గ్యాస్ విషయంలో ప్రమాదాలు ఎక్కడ మొదలవుతాయో ముందే తెలుసు కాబట్టి, ఆ చోట్లను క్రమం తప్పకుండా చూసుకుంటే భయం తగ్గుతుంది.

వంట గ్యాస్ గాలి కన్నా బరువైనది. ప్రొపేన్ సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ సుమారు రెండు రెట్లు బరువు. అది కారితే పైకి పోకుండా నేల మీద పరుచుకుని గుంటల్లో, నేలమాళిగల్లో చేరుతుంది. అందుకే సిలిండర్‌ను ఎప్పుడూ నిటారుగా, ఆరుబయట, పల్లంగా లేని చోట ఉంచాలి. వాడనప్పుడు కూడా ఇంట్లోకి తేకూడదు. సిలిండర్ మార్చిన ప్రతిసారీ సబ్బు నీటిని బ్రష్‌తో రెగ్యులేటర్ బిగింపు మీద, రబ్బరు గొట్టం పొడవునా పూయండి. గ్యాస్ కారే చోట చిన్న చిన్న బుడగలు ఉబ్బుతూ వస్తాయి. గొట్టం పగుళ్ళు వారినా, వంపుల దగ్గర గట్టిపడినా అతుకులు వేయకుండా కొత్తది తెచ్చుకోవాలి.

వెలిగించేటప్పుడు మూత తప్పనిసరిగా తెరిచి ఉండాలి. మూత మూసి గ్యాస్ వదిలితే అది లోపల నిండి, నిప్పు తగలగానే ఒక్కసారిగా ముఖం మీదకు ఎగసిపడుతుంది. రెండు మూడు క్షణాల్లో అంటుకోకపోతే పూర్తిగా ఆపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్ళీ ప్రయత్నించండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. బర్నర్‌లోకి గ్యాస్, గాలి కలిసి వెళ్ళే సన్నని గొట్టంలో సాలెపురుగులు గూడు కడతాయి. కొన్ని వారాలు వాడకుండా వదిలేస్తే ఇది ఎక్కువగా జరుగుతుంది. ఆ గూడు గాలికి అడ్డుపడితే నీలంగా ఉండవలసిన మంట పసుపు రంగుకు తిరిగి మసి పడుతుంది. బాగా మూసుకుపోతే మంట బర్నర్ బయటే, నాబ్‌ల దగ్గర అంటుకుంటుంది. సన్నని పొడవాటి బ్రష్‌తో ఆ గొట్టాలను అప్పుడప్పుడు శుభ్రం చేస్తే చాలు.

గ్యాస్ గ్రిల్‌లో సాధారణంగా జరిగే ప్రమాదం సిలిండర్ వల్ల కన్నా కింది పళ్ళెంలో పేరుకున్న జిడ్డు వల్ల వస్తుంది. ఆ జిడ్డు అంటుకుంటే బర్నర్లు, వీలైతే సిలిండర్ కవాటం ఆపేసి, మూత మూసి, దూరంగా నిలబడాలి. నీళ్ళు మాత్రం పోయకూడదు. నీరు క్షణంలో ఆవిరై మండే జిడ్డును నాలుగు వైపులా చిమ్ముతుంది. పళ్ళెం ఖాళీ చేయడం పిల్లలున్న ఇంట్లో వాయిదా వేయకూడని పని.

బొగ్గు విషయంలో పిల్లలకు పెద్ద ముప్పు వంట అయిపోయాక ఉంటుంది. గ్యాస్ ఆపితే కాసేపట్లో చల్లారుతుంది. బూడిద కింద నిప్పు మరుసటి రోజు వరకు కూడా ఉండవచ్చు, పైకి చూస్తే తెల్లగా, చల్లగా కనిపిస్తుంది. గాలి రంధ్రాలన్నీ మూసి, ఒక పూర్తి రోజు వదిలి, ఆ తరువాత బూడిదను మూత ఉన్న లోహపు డబ్బాలోకే ఎత్తండి. ప్లాస్టిక్ బుట్టలో గానీ, ఎండుటాకుల కుప్పలో గానీ వేయవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. వరండా ఆలోచన పూర్తిగా మానుకున్నాం. లెక్క వేసుకుంటే పని రోజుల వంటే ఎక్కువ కనిపిస్తోంది కాబట్టి మనసు గ్యాస్ వైపు మొగ్గుతోంది. గ్యాస్ గ్రిల్ మీద నిదానపు వంట, పొగ పట్టించడం బొత్తిగా కుదరవా? బొగ్గు మీద మాడిన మాంసం ఆరోగ్యానికి మంచిది కాదంటారు, గ్యాస్ అయితే ఆ బెడద ఉండదా? దుకాణంలో చూసేటప్పుడు ఏవి గమనించాలో కూడా చెప్పగలరు.

రెండవ సమాధానం ఇచ్చినవారు

నిదానపు వంట గ్యాస్ మీద చక్కగా కుదురుతుంది, పొగ పట్టించడం మాత్రం అంతంతమాత్రం. ఒక పక్క బర్నర్ మాత్రమే వెలిగించి, మాంసాన్ని రెండో పక్క పెట్టి, మూత మూసి, జాలీ ఎత్తులో ఉష్ణోగ్రత 110 నుంచి 120 డిగ్రీల మధ్య నిలిపితే గంటల తరబడి వండవచ్చు. బొగ్గు కన్నా తేలిగ్గా నిలపవచ్చు కూడా. మూతకు బిగించి వచ్చే మీటరు ముక్క ఉన్న చోటి వేడిని చూపదు కాబట్టి విడిగా ఒక థర్మామీటర్ కొనుక్కోండి. పొగ దగ్గర చిక్కు ఏమిటంటే, కాలిన వాయువులు బయటకు పోవడానికి గ్యాస్ గ్రిల్ వెనుక భాగం కావాలనే వెడల్పుగా తెరిచి ఉంచుతారు. కట్టె తునకలను చిల్లుల డబ్బాలో పెట్టి బర్నర్ మీద ఉంచితే పొగ వస్తుంది, కానీ ఎక్కువ భాగం ఆ తెరిపిలోంచి వెళ్ళిపోతుంది. ఆ తెరిపిని మూయడం ప్రమాదం. తేలికపాటి పొగ వాసన చాలనుకుంటే ఇది సరిపోతుంది.

గాఢమైన పొగ కావాలంటే, కొంతకాలం తరువాత గుండ్రటి గిన్నె, దానిపై గుండ్రటి మూత ఉండే చిన్న కెటిల్ బొగ్గు గ్రిల్ ఒకటి జత చేసుకోండి. 1952లో అమెరికాలో జార్జ్ స్టీఫెన్ తాను పనిచేసే వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో తయారయ్యే గుండ్రటి బోయాను (నీటిలో పడవలకు దారి చూపేందుకు తేలేలా ఉంచే గుర్తును) ఆధారంగా చేసుకుని ఈ ఆకారాన్ని రూపొందించారు. దాని గొప్పదనమంతా మూతలోను, కింది గాలి రంధ్రంలోను ఉంది. వేడిని నడిపేది గాలే. కింది రంధ్రం సగం మూస్తే నిప్పు నెమ్మదిస్తుంది. మూత ఎత్తి చూస్తే లోపలి వేడి పోవడమే కాకుండా నిప్పులకు ఒక్కసారిగా గాలి అంది రగులుకుంటాయి, మళ్ళీ అదుపులోకి రావడానికి చాలాసేపు పడుతుంది. నిదానపు వంట నేర్చుకోవడమంటే చాలావరకు మూత ఎత్తకుండా ఉండటం నేర్చుకోవడమే.

నాల్గవ సమాధానం

ఆరోగ్యం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ హాని చేసే పదార్థాలు రెండు రకాలు. కొవ్వు నిప్పుల మీద పడి పొగ లేచినప్పుడు పుట్టే బెంజోపైరీన్ వంటివి ఒక రకం. మాంసం ఎక్కువ వేడికి మాడినప్పుడు దానిలోనే పుట్టేవి రెండో రకం. మొదటివి బొగ్గు మీద ఎక్కువ, గ్యాస్ మీద తక్కువే అయినా లేకపోలేదు. రెండోవి వేడిని బట్టి వస్తాయి కాబట్టి గ్యాస్ మీద మాడ్చినా వస్తాయి. అదనపు కొవ్వు కత్తిరించడం, తరచుగా తిప్పడం, మంట ఎగసినప్పుడు ముక్కను పక్కకు జరపడం, మాడిన అంచులు తీసేయడం ఏ గ్రిల్ మీదైనా మేలు చేస్తాయి. కూరగాయలకు ఈ రెండో రకం బెడద దాదాపు ఉండదు.

దుకాణంలో బీటీయూ (వేడిని కొలిచే ఒక ప్రమాణం) అంకెను చూసి మోసపోకండి. అది గంటకు ఎంత గ్యాస్ తాగుతుందో చెప్పే అంకె. మూత సన్నగా, వదులుగా ఉంటే ఎంత గ్యాస్ కాల్చినా వేడి నిలవదు. మూతను ఎత్తి దించి బరువు చూడండి, పక్కకు ఊపి చూడండి. బర్నర్లు కనీసం రెండు, వీలైతే మూడు ఉండి, ఒక్కొక్కదానికి విడి నాబ్ ఉంటేనే పైన చెప్పిన నిదానపు వంట సాధ్యం. బర్నర్లు, రేకులు విడిగా దొరుకుతాయో లేదో అడగండి, ఎందుకంటే ముందుగా తుప్పు పట్టి పాడయ్యేవి అవే. జిడ్డు పళ్ళెం ముందు నుంచో వెనుక నుంచో సులువుగా బయటకు లాగగలిగేలా ఉండాలి. కష్టంగా ఉంటే మీరు దాన్ని శుభ్రం చేయరు.

కడ్డీలు తోమడానికి తీగల బ్రష్ వాడకండి. దాని సన్నని తీగ ఒకటి విరిగి జాలీకి అంటుకుని, తిండితోపాటు గొంతులోకో పేగులోకో వెళ్ళి గుచ్చుకుని శస్త్రచికిత్స దాకా వెళ్ళిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. జాలీ వేడిగా ఉన్నప్పుడే చెక్క గరిటెతో గీకి, పొడవాటి పట్టకారుతో నలిపిన అల్యూమినియం రేకును పట్టుకుని రుద్దితే శుభ్రపడుతుంది.

సిలిండర్‌లో ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే ఒక చెంబుడు గోరువెచ్చని నీటిని దాని పక్క మీదుగా పోసి, అరచేతితో పై నుంచి కిందకు తడమండి. ద్రవం ఉన్న చోట రేకు చల్లగా తగులుతుంది, దానిపైన వెచ్చగా ఉంటుంది. చుట్టాలు వచ్చే రోజు ఉదయమే ఇలా చూసుకోండి.